కనబడలేదు, లేదు

నేలలో ఆరడుగుల లోతున పాతిపెట్టిన పైపు కారడం లేదని ఎలా తెలుస్తుంది? వినడానికి ఇది ప్లంబరు ప్రశ్నే. కానీ ఇందులో ప్రమాణశాస్త్రం ఉంది, కాస్త నీతిశాస్త్రమూ ఉంది.

మేముండేది మిషిగన్‌లో. ఇంటికి జియోథర్మల్ హీట్ పంప్. పెరటి కింద పాలిథిలీన్ పైపుల్లో నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవం తిరుగుతూ, చలికాలం నేలలోని వేడిని ఇంట్లోకి తెస్తుంది. ఎండాకాలం ఇంట్లో వేడిని నేలకి అప్పజెబుతుంది. పైపులు కనబడవు. కనబడేది బేస్‌మెంటులో ప్రెషర్ గేజి ముల్లు ఒక్కటే.

మొన్న వేసవిలో ఆ ముల్లు దిగింది. అంతమాత్రాన లీకు అనలేం. వెచ్చబడితే పైపు మెత్తబడి సాగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. చలికాలం మళ్ళీ పెరుగుతుంది. లోపల చిక్కుకున్న గాలి బయటపడినా తగ్గుతుంది. పోనీ ముల్లు దిగకపోతే లీకు లేనట్టేనా? అదీ చెప్పలేం. సన్నటి కారుడు ఒక పూటలో ముల్లుని కదిలించకపోవచ్చు.

అందుకే పరీక్ష విడదీయడంతో మొదలవుతుంది. వాల్వులు మూసి, ఇంటివైపునీ నేలవైపునీ వేరుచేసి, ఒత్తిడి ఎటు పడుతోందో చూస్తారు. చాలాసార్లు దొంగ పంపు దగ్గరి అతుకుల్లోనే దొరుకుతాడు. నేలవైపు అనుమానం ఉంటే ఒక్కో చుట్టునీ విడిగా మూసి, ఒత్తిడి పెంచి, గంటల తరబడి ఆగాలి. మొదట్లో ముల్లు ఎలాగూ కొంత పడుతుంది, కొత్త ఒత్తిడికి పైపు సాగుతుంది కనక. అది సర్దుకున్నాక కూడా పడుతూనే ఉంటే అప్పుడు తవ్వకం గురించి ఆలోచించాలి.

కుమారిలభట్టు సంప్రదాయపు మీమాంసకులు ‘అనుపలబ్ధి’ని, అంటే కనబడకపోవడాన్ని, ఒక ప్రమాణంగా ఒప్పుకున్నారు. కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదు. అయితే ఒక షరతు: ఉండుంటే కనబడి తీరాల్సిన పరిస్థితి కావాలి. చీకటిగదిలో కుండ కనబడకపోతే కుండ గురించి మనకేమీ తెలిసినట్టు కాదు. ఐదు నిమిషాల ప్రెషర్ టెస్టు అలాంటి చీకటిగదే.

మరి ఎంతసేపు చూస్తే చాలు? 1877లో విలియం క్లిఫర్డ్ ‘ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’లో ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. పాత ఓడ మీద తనకున్న అనుమానాలన్నీ నొక్కేసుకుని, వలస వెళ్ళేవాళ్ళని ఎక్కించి పంపిస్తాడు. ఓడ మునుగుతుంది. క్లిఫర్డ్ ప్రకారం, అది క్షేమంగా చేరినా అతని తప్పు తప్పే. అలా నమ్మే హక్కు అతనికి లేదు.

క్లిఫర్డ్‌ని అక్షరాలా పాటిస్తే ఏ పరీక్షకీ ముగింపుండదు. రిలీజ్ ముందురోజు టెస్టింగ్ ఎక్కడాపాలో తేల్చుకున్నవాళ్ళెవరికైనా ఇది తెలుసు. నాకు తోచిన కొలత ఒకటుంది: పొరపాటైతే ఎవరు భరిస్తారు? ఏడాదికోసారి ద్రవం నింపుకుంటూ పోవచ్చని మెకానిక్ అన్నాడు. ఖర్చు నాదొక్కడిదే అయితే సరేననేవాణ్ణి. కానీ పక్కింటివాళ్ళు తాగేది సొంత బావినీళ్ళు. మిథనాల్‌ని మట్టిలో సూక్ష్మజీవులు త్వరగానే తినేస్తాయి, ప్రమాదం చిన్నదే కావచ్చు. ఆ ‘కావచ్చు’ని వాళ్ళ తరఫున ఒప్పుకునే అధికారం మాత్రం నాకు లేదు.

రాత్రంతా పరీక్ష పెట్టించాను. నేలవైపు ముల్లు నిలబడింది. పక్కింటాయనతో “లీకు లేదండీ” అనలేదు. ఎంత ఒత్తిడి పెట్టామో, ఎన్ని గంటలు చూశామో చెప్పి, కనబడలేదన్నాను. చలికాలంలో మళ్ళీ చూస్తారా అని అడిగాడు. చూస్తామన్నాను.