వేసవిలో ఆరని పొయ్యి

శ్రీమద్భాగవతము నవమస్కంధమున రంతిదేవుని కథ కలదు. 48 దినములు నిరాహారుడై యున్న ఆ మహారాజు, లభించిన అన్నమును అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని సైతము దప్పిగొన్నవాని కొసగెను. వచ్చిన ప్రతివానియందును ఆయనకు శ్రీహరియే గోచరించెను.

పలాస జీడిపప్పు కర్మాగారములకు, టెక్కలి పొలములకు, ఉద్దానపు కొబ్బరితోటలకు కూలికి పోవు తల్లి ప్రొద్దుననే ఇల్లు విడుచును. బడి నడచునన్నాళ్లు ఆమె బిడ్డకు మధ్యాహ్నపు అన్నము బడిలోనే దొరకును. సెలవులు రాగానే ఆ పొయ్యి ఆరును. ఆకలి మాత్రము ఆరదు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని ఆదేశించెను. 2004 ఏప్రిల్ 20న, కరవు ప్రాంతములందు వేసవి సెలవులలోను పెట్టవలెననెను. అయితే కరవు ప్రకటింపబడినదా యని కడుపు అడుగునా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానమున కొబ్బరిని, జీడిమామిడిని కూల్చినది. చెట్టు కూలినచోట కూలియు కూలును.

ప్రజాధనముతో పెట్టు అన్నమునకు పుణ్య మెవరిదని కొందరి సందేహము. సబ్బుబిళ్ల కొన్న కూలితల్లియు బొక్కసమున తన పాలు వేసినదే. కావున అది భిక్ష కాదు, బిడ్డకు చెందిన భాగము. పుణ్యము లెక్క రంతిదేవుడు అడుగలేదు.

భాగవతులకు అన్నమిడుటను వైష్ణవులు తదీయారాధనమందురు. ప్రహ్లాదుడును బాలుడే. ఆకలిగొన్న బాలునియందు భాగవతుని చూడగల గృహస్థు, వేసవిలోను బడిపొయ్యి వెలుగవలెనని ప్రభుత్వము నడుగవలెను. అది వెలుగునందాక తన పొయ్యిపై మరియొక పిడికెడు బియ్యము వేయవలెను.