ఒళ్ళు తగ్గాకే యోగమా?

"కాస్త ఒళ్ళు తగ్గాక మొదలెడతానండి." గోదావరి జిల్లాల్లో యోగా మాట ఎత్తితే లావుగా ఉన్నవాళ్ళ నోట తరచూ వినిపించే జవాబిది. అలా అనేవాళ్ళు బద్ధకస్తులేం కాదు. తెల్లారకముందే లేచి ఇంటెడు చాకిరీ చేసే ఇల్లాళ్ళు, పొద్దస్తమానం కొట్లో నిలబడే వ్యాపారులు, రిటైరైన మేష్టార్లు. ఆసనాలు వేస్తే మంచిదని వాళ్ళకు తెలుసు. చాప మీద కూర్చునే అర్హత తమ ఒంటికి ఇంకా రాలేదని మాత్రం గట్టిగా నమ్ముతారు. పైకి సిగ్గులా కనబడే ఈ జంకు లోపల చాలా పాత ప్రశ్న ఒకటి ఉంది. యోగానికి అర్హత దేనివల్ల వస్తుంది? ఒంటి తీరువల్లా, సాధనవల్లా?

ఇది ఏ కొద్దిమంది బాధో కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది మహిళలు, 31 మంది పురుషులు ఉండవలసిన బరువుకు మించి ఉన్నారు. దేశం మొత్తమ్మీద మహిళల్లో ఆ సంఖ్య 24. మరోవైపు యోగా మన రాష్ట్రంలో ఇంటింటి మాట అయింది. 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. అలాంటి సభల్లో అందరూ పాటించేది ఆయుష్ శాఖ రూపొందించిన ఉమ్మడి క్రమం. తాడాసనం నుంచి వజ్రాసనం, శశాంకాసనం దాకా వరసగా సాగిపోతుంది. మడిచిన మోకాళ్ళ మీద తొంభై కిలోల బరువు మోపి ముందుకు వంగవలసిన మనిషికి మాత్రం ఆ వరస మధ్యలోనే తెగిపోతుంది. పక్కవాళ్ళంతా వంగి ఉంటే తానొక్కతే నిటారుగా మిగిలిపోయిన మహిళకు యోగా తన కోసం పుట్టలేదనిపించడంలో వింతేముంది?

అసలు ఎవరి కోసం పుట్టిందో తెలియాలంటే గ్రంథాలు తిరగేయాలి. పతంజలి యోగసూత్రాలు రెండు వందలకు నాలుగైదు తక్కువ. వాటిలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడే మూడు. కూర్చున్న తీరు నిలకడగా, హాయిగా ఉండాలన్నది మొదటిది. పట్టు సడలించి, మనసును అనంతంలో నిలిపితే అది కుదురుతుందన్నది రెండోది. అలా కుదిరినవాణ్ణి చలి, ఎండ వంటి ద్వంద్వాలు కలవరపెట్టవన్నది మూడోది. పొట్ట చదునుగా ఉండాలనిగానీ, నుదురు మోకాలికి ఆనాలనిగానీ ఆయన ఎక్కడా అనలేదు. ఎనిమిది అంగాల్లో ఆసనానిది మూడో స్థానం. దానికి ముందు యమనియమాలున్నాయి, వాటిలో మొట్టమొదటిది అహింస.

శాస్త్రమంతా లావు మనిషికి అనుకూలంగా ఉందని చెబితే మాత్రం అది అబద్ధమే అవుతుంది. పదిహేనో శతాబ్దపు హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు సాధన ఫలించిందనడానికి చెప్పిన గుర్తుల్లో దేహం సన్నబడటం ఒకటి. యోగాన్ని చెడగొట్టే ఆరింటిలో అతిగా తినడాన్ని మొదట లెక్కపెట్టాడు. మేదస్సు, శ్లేష్మం ఎక్కువగా ఉన్నవారు ప్రాణాయామానికి ముందు షట్కర్మలనే ఆరు శుద్ధి క్రియలు చేయాలన్నాడు. వీటిని చూపించే "ముందు తగ్గి రండి" అనే గురువులున్నారు. కానీ అదే గ్రంథంలో అదే రచయిత యువకుడు, వృద్ధుడు, పండు ముసలి, రోగి, దుర్బలుడు ఎవరైనా సరే సాధన చేస్తే సిద్ధి పొందుతారని తెగేసి చెప్పాడు. సన్నబడటం ఆయన లెక్కలో దారి చివర కనిపించే గుర్తుల్లో ఒకటి. దాన్ని తెచ్చి గుమ్మంలో పెట్టి, లోపలికి రావడానికి షరతుగా మార్చింది మనమే.

తిండి విషయంలోనూ ఆ పుస్తకాన్ని ఆసాంతం చదవాలి. కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచమంటుంది. భగవద్గీత ఆరో అధ్యాయం కూడా మరీ ఎక్కువ తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టింది. ప్రదీపిక యోగికి తగిన ఆహారమని చెప్పిన జాబితాలో గోధుమలు, వరిబియ్యం, పాలు, నెయ్యి, కండచక్కెర, తేనె ఉన్నాయి. ఆత్రేయపురం పూతరేకుల్లో పడే బియ్యం, నెయ్యి, చక్కెర మూడూ అందులో కనిపిస్తాయి. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన సీమ ఇది. ఇక్కడ మనిషిని ప్రేమించడమంటే కొసరి కొసరి వడ్డించడమే. అలాంటి చోట మితాహారం నిజంగా కష్టమైన సాధన, ఆ కష్టాన్ని గౌరవించాలి. పెట్టే చేతినీ తినే మనిషినీ దోషుల్లా నిలబెట్టమని మాత్రం ఏ గ్రంథమూ చెప్పలేదు.

గ్రంథాలు పక్కన పెట్టి ఒక గుడికి వెళ్దాం. రాజమండ్రి నుంచి కాకినాడ వైపు వెళ్తే బిక్కవోలు వస్తుంది. తూర్పు చాళుక్యుల నాటి గుళ్ళకు పేరుపడ్డ ఊరు. అక్కడి లక్ష్మీగణపతిది భారీ విగ్రహం. భక్తులు దగ్గరకెళ్ళి ఆయన చెవిలో తమ కోరికలు చెప్పుకుంటారు. వినాయకుడి పొట్టను చూసి ఎవరూ మొహం చిట్లించరు, లంబోదరా అని చేతులెత్తి మొక్కుతారు. గణపతి అథర్వశీర్షం ఆ దేవుణ్ణి మూలాధారంలో నిత్యం ఉండేవాడిగా, యోగులు ఎల్లప్పుడూ ధ్యానించేవాడిగా కీర్తిస్తుంది. యోగశాస్త్రం చెప్పే చక్రాల్లో అట్టడుగున, అంటే సాధన మొదలయ్యే చోట కూర్చున్నది ఈ పెద్ద బొజ్జ దేవుడే. గుడిలో మొక్కిన రూపాన్నే అద్దంలో చూసుకుని అసహ్యించుకోవడం మన భక్తిలో ఉన్న పెద్ద లోపం.

దేవుడి సంగతి వేరు, మనుషుల్లో ఎవరైనా ఉన్నారా అని అడిగితే తెలుగువాళ్ళకు జవాబు ఇంట్లోనే ఉంది. విజయనగరం ప్రాంతంలో పుట్టి కాశీ చేరిన త్రైలింగ స్వామి 1887లో పంచగంగా ఘాట్‌లో దేహం చాలించారు. ఎన్నేళ్ళు బతికారన్నదాని మీద కథలు కొల్లలు. వాటిని పక్కన పెట్టినా, ఆయనది మహాకాయమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. పరమహంస యోగానంద 1946లో వెలువడిన తన ఆత్మకథలో స్వామి బరువు 300 పౌన్లకు పైమాటేనని రాశారు, అంటే సుమారు 136 కిలోలు. ఆయన భోజనం చేయడం బహు అరుదని కూడా అందులోనే ఉంది. బరువు చూసి మనిషి తిండినీ నిగ్రహాన్నీ అంచనా కట్టేవాళ్ళు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. రామకృష్ణ పరమహంస కాశీకి వెళ్ళినప్పుడు ఈ స్వామిని దర్శించి, సాక్షాత్తు శివుడిగా భావించారు. యోగసిద్ధి ఉందా లేదా అని చూసిన ఆ కళ్ళకు నడుము కొలత అడ్డు రాలేదు.

కాళిదాసు కుమారసంభవం ఐదో సర్గలో ఇంకో కోణం కనిపిస్తుంది. కఠోర తపస్సుతో చిక్కిపోయిన పార్వతి దగ్గరకు శివుడు బ్రహ్మచారి వేషంలో వస్తాడు. నీ శక్తికి తగ్గట్టే తపస్సు చేస్తున్నావా అని అడుగుతాడు. ధర్మాన్ని ఆచరించడానికి శరీరమే మొదటి సాధనమని గుర్తుచేస్తాడు. ఈ మాట చిక్కిన దేహానికి ఎంత వర్తిస్తుందో బరువైన దేహానికీ అంతే వర్తిస్తుంది. ఎవరి శక్తి ఎంతో వాళ్ళ ఒంటినే అడగాలి.

అడగడమంటే ఏమిటో చాప మీద చూద్దాం. పద్మాసనం రానివాళ్ళకు సుఖాసనం ఉంది. అదీ నేల మీద కుదరకపోతే దుప్పటిని నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోవాలి. తుంటి మోకాళ్ళ కంటే కాస్త ఎత్తుకు వస్తుంది, వంగిపోయిన వెన్ను దానంతటదే నిలబడుతుంది, ఊపిరి కిందిదాకా దిగుతుంది. పశ్చిమోత్తానాసనంలో పొట్ట అడ్డొస్తుంటే కాళ్ళు రెండూ కాస్త ఎడం చేసి, మోకాళ్ళు కొద్దిగా మడిచి, పాదాలకు తువ్వాలు చుట్టి రెండు కొసలూ పట్టుకోవాలి. పొట్టకు చోటు దొరికితే నడుం వంగుతుంది. సూర్యనమస్కారంలో వెనక్కి పెట్టిన కాలు చేతుల మధ్యకు రాకపోతే మడమ దగ్గర చేత్తో పట్టుకుని ముందుకు తెచ్చుకోవచ్చు, లేదా నేలకు బదులు కుర్చీ మీద చేతులు ఆనించవచ్చు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడనట్టుంటే తల కింద, భుజాల కింద ఎత్తు పెట్టుకోవాలి. శీర్షాసనం, సర్వాంగాసనం కొత్తవాళ్ళు ముట్టుకోనక్కర్లేదు. ఒంటి బరువు మెడ మీద పడే ప్రమాదం ఉంది. బీపీ ఉన్నవాళ్ళు తల కిందికి వంచే ఆసనాలకు ముందు డాక్టరును అడిగి తీరాలి.

ఇవి తక్కువ రకం ఆసనాలని కొందరు చులకనగా చూస్తారు. కానీ కుర్చీ, బెల్టు, చెక్కదిమ్మ, దుప్పటి వంటి ఆసరాలను సాధనలో భాగం చేసిన బి.కె.ఎస్. అయ్యంగార్ (1918-2014) ప్రపంచమంతా గౌరవించిన గురువు. ఆయన గురువు తిరుమలై కృష్ణమాచార్య కూడా మనిషిని బట్టి సాధన మార్చాలని నేర్పారు. అమెరికాలో జెస్సమిన్ స్టాన్లీ తన భారీకాయంతోనే యోగా నేర్చి, నేర్పి, 2017లో అన్ని రకాల దేహాల కోసం ఏకంగా ఒక పుస్తకం రాశారు. మన దగ్గర పుట్టిన విద్యను లావుపాటి మనిషి దగ్గరకు చేర్చే పని అక్కడ అంత శ్రద్ధగా జరుగుతోంది. గోదావరి గట్టున ఆ శ్రద్ధ ఇంకా ఎక్కువ ఉండాలి.

బరువు తగ్గుతుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. నెమ్మదిగా చేసే ఆసనాలకు ఖర్చయ్యే శక్తి తాపీగా నడిచినంతే. తిండి మారకుండా వాటితోనే కిలోలు కరిగిపోతాయని ఆశపెడితే అది సత్యానికి విరుద్ధం, సత్యం కూడా యమాల్లో ఒకటి. తగ్గవలసిన వైద్య కారణం ఉంటే డాక్టరు మాట విని, తిండి చూసుకుని, నడక కలుపుకోవాలి. మరి యోగం ఏమిస్తుంది? నేల మీద కూర్చుని ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగడం, మెట్లెక్కుతూ రొప్పు వచ్చేలోపే ఊపిరిని గమనించగలగడం, ఆకలికీ తినాలన్న యావకీ తేడా తెలియడం. ఇవి తూకం యంత్రం మీద కనిపించవు. పతంజలి చెప్పిన నిలకడ, హాయి ఇలాంటి చోట్లే పట్టుబడతాయి.

కాబట్టి బాధ్యతలో పెద్ద వాటా నేర్పేవారిదే. కొత్తగా వచ్చిన లావుపాటి మనిషిని నలుగురిలో "ఎంత బరువమ్మా?" అని అడగడం హింసే. మోకాళ్ళు నొప్పా, బీపీ ఉందా, కింద కూర్చుని లేవగలరా అని పక్కకు పిలిచి అడగడం అహింస. హాల్లో చేతుల్లేని గట్టి కుర్చీలు రెండు, దుప్పట్లు నాలుగు ఉంచడానికి పెద్ద ఖర్చేం కాదు. శశాంకాసనం దగ్గరికి వచ్చేసరికి వంగలేనివారికి ఏం చేయాలో అడక్కముందే చెప్పాలి, ఆ కుర్చీలు వెనక వరసలో కాకుండా ముందు వరసలోనే వేయాలి.