దైవికమని తేలితే బాధ్యత తీరినట్టేనా?

2023 నవంబర్ 19న గెలాక్సీ లీడర్ అనే కార్ల రవాణా నౌకను యెమెన్ హౌతీలు ఎర్ర సముద్రంలో హెలికాప్టర్‌తో దిగి పట్టుకున్నారు. కొద్ది వారాల్లోనే పెద్ద షిప్పింగ్ లైన్లు ఒకదాని వెంట ఒకటి సూయజ్ దారి వదిలి, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రాన్ని చుట్టి రావడం మొదలుపెట్టాయి. ఆసియా నుంచి ఐరోపా వెళ్ళే ఓడకు దీనివల్ల పది నుంచి పద్నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది. ఆ మేరకు ఇంధనం, సిబ్బంది జీతాలు, ఓడ కిరాయి అన్నీ పెరుగుతాయి. సరుకు పంపినవాళ్ళకు అందిన నోటీసుల సారాంశం ఒక్కటే: ఇది మా చేతిలో లేని పరిస్థితి, ఇదిగో సర్‌చార్జి. చేతిలో లేదన్న మాట నిజమే కావచ్చు. కానీ అక్కణ్ణుంచి "కాబట్టి భారం మీది" అనే మాటకు ఎలా వచ్చారన్నది ఆలోచించాల్సిన విషయం. చూడ్డానికి ఇది వ్యాపారుల తగాదాలాగే ఉంటుంది. నిజానికి మనుషులు సరుకుతో ఓడలెక్కిన నాటినుంచీ ధర్మశాస్త్రాలు, న్యాయశాస్త్రాలు పట్టుకు పెనుగులాడుతున్న ప్రశ్న ఇది. ఎవరి తప్పూ లేకుండా వచ్చిపడిన నష్టంలో, ఆ నష్టం తగలనివాడికి ఏమైనా బాధ్యత ఉందా?

ఇతర విషయాల్లో మనువుతో ఎంత పేచీ ఉన్నా, మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పడవల గురించి చెప్పిన నాలుగు ముక్కలు చూడదగ్గవి. నది మీద అయితే దూరాన్నీ కాలాన్నీ బట్టి కిరాయి, సముద్రం మీద మాత్రం స్థిరమైన రేటు లేదు (ఈ మాట ఇవాళ్టి షిప్పింగ్ లైన్లకు బాగా నచ్చుతుంది). పడవ నడిపేవాళ్ళ తప్పువల్ల సరుకు పోతే వాళ్ళంతా తలా కొంత వేసుకుని కట్టాలి. దైవికంగా పోతే వాళ్ళకు దండన లేదు. నేటి రవాణా ఒప్పందాల్లో కనిపించేదీ దాదాపు ఈ విభజనే: తప్పు ఉంటే పరిహారం, విధి అయితే మాఫీ. ఇందులో న్యాయం లేకపోలేదు. తుపాను వచ్చిందని సరంగును శిక్షించలేం కదా. కానీ మనువు లేదన్నది దండన మాత్రమే. సరుకు పోగొట్టుకున్నవాడి గతేమిటో ఆయన చెప్పలేదు. దండన లేదన్నదాన్ని బాధ్యత లేదని చదువుకోవడం తర్వాతివాళ్ళు చూసుకున్న సౌకర్యం. దానికి మన దగ్గర కర్మ సిద్ధాంతాన్ని దన్నుగా తెచ్చుకోవడమూ ఉంది: ఎవరి ప్రారబ్ధం వాళ్ళది, మధ్యలో మనమెవరం? ఎన్నో తరాలు కష్టాన్ని ఓర్చుకోవడానికి ఆసరా అయిన ఆలోచన ఇది, వెక్కిరించి తోసెయ్యకూడదు. అయితే దాన్ని పూర్తిగా ఒప్పుకున్నా, అది చెప్పేది ఆపద ఆ మనిషికే ఎందుకు వచ్చిందన్నది. ఆ ఆపదను చూస్తూ నేనేం చేస్తున్నాను అన్నది నా కర్మ ఖాతాలో పడుతుంది. ఎదుటివాడి పూర్వకర్మను చూపించి నేను నేడు చెయ్యాల్సింది ఎగ్గొట్టడానికి ఆ సిద్ధాంతంలో ఎక్కడా వీల్లేదు.

మనువు వదిలేసిన చోటును మధ్యధరా సముద్రపు వర్తకులు వేరే విధంగా పూరించుకున్నారు. రోడ్స్ దీవి పేరుతో ప్రసిద్ధమై, 533లో జస్టీనియన్ చక్రవర్తి వెలువరించిన డైజెస్ట్ అనే రోమన్ న్యాయ సంకలనంలోకి ఎక్కిన సూత్రం ఒకటుంది. ఓడను తేలిక చెయ్యడానికి కొందరి సరుకు నీళ్ళలో పారేస్తే, అందరికోసం పోయిన ఆ సొమ్మును అందరూ కలిసి పూడ్చాలి. ఎవరి మూట పైనుంది, ఏది ముందు చేతికందింది అన్నది వట్టి యాదృచ్ఛికం. మూట మిగిలినవాడికి అది మిగిలింది పక్కవాడి మూట మునగబట్టే. ఇదే సూత్రం ఇప్పుడు జనరల్ యావరేజ్ అన్న పేరుతో, యార్క్–ఆంట్‌వర్ప్ నియమాల కింద నడుస్తోంది. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువకు అడ్డంపడి ఆరు రోజులు దారి మూసేసినప్పుడు దాని యజమానులు ప్రకటించింది దీన్నే. ఆ ఓడ మీద 18,000కు పైగా కంటైనర్లున్నాయి. తమ పెట్టె మీద గీత పడకపోయినా సరే, ఓడను బయటపడేసిన ఖర్చులో తమ వాటాకు హామీ ఇచ్చాకే సరుకుదార్లు దాన్ని విడిపించుకోవాలి. క్షేమంగా వచ్చిన సరుకుకు కట్టడమేమిటని అడిగేవాళ్ళుంటారు. ఓడ నడిపినవాళ్ళదే పొరపాటైతేనో అనీ అడుగుతారు. పొరపాటు సంగతి తర్వాత వేరే దావాలో తేలుతుంది, ఆ హక్కు ఎక్కడికీ పోదు. వాటా మాత్రం ముందు పడుతుంది. నాకు ఈ వరసే సబబనిపిస్తుంది. తప్పెవరిదో తేలేదాకా దెబ్బతిన్నవాణ్ణి ఒంటరిగా వదలకూడదన్న బుద్ధి ఇందులో ఉంది. బీమా లేని చిన్న వ్యాపారి డిపాజిట్ కట్టలేక సరుకు వదులుకునే ప్రమాదం మాత్రం అసలైన లోపమే. అది పంచుకునే పద్ధతిలో సవరించాల్సిన లోపం, పంచుకోవడమే తప్పనడానికి సాక్ష్యం కాదు.

ఆ ఆపద మనుషుల చేతిలో ఏమాత్రమూ లేనిదైతే? 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద మేఘం వల్ల ఐరోపా గగనతలంలో చాలా భాగం ఆరు రోజులు మూతపడింది. విమానాలు లేక కెన్యా తోటల్లో కోసిన పూలు కోసినట్టే కుళ్ళాయి, పూలతోటల కూలీలకు పని పోయింది. ఆ మేఘాన్ని ఎవరూ పుట్టించలేదు. కానీ ఆ నష్టం నైరోబీ దగ్గరి కూలి దాకా దిగి రావడానికి మాత్రం మనుషులు రాసుకున్న ఒప్పందాలే దారి చూపాయి. అదే మేఘం గురించి ఒక ప్రయాణికురాలు వేసిన కేసులో 2013 జనవరిలో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ చర్చకు చాలా విలువైనది. ఇది అసాధారణ పరిస్థితే, కాబట్టి విమాన సంస్థ పరిహారం ఇవ్వనక్కర్లేదు. కానీ చిక్కుకుపోయిన ప్రయాణికులకు తిండి, బస చూడాల్సిన బాధ్యత మాత్రం ఎన్ని రోజులైనా పోదు అన్నది దాని సారం. అంటే తప్పు లేకపోయినంత మాత్రాన సంబంధం తెగిపోదు. దండన వేరు, ఆదరణ వేరు. మనువు మాటలో విప్పి చెప్పకుండా ఉండిపోయిన తేడాను ఈ తీర్పు విడమరచింది. అది మనుషుల టిక్కెట్లకు వర్తించింది గానీ పూలపెట్టెలకు వర్తించలేదన్నది వేరే విషాదం.

ఇంతవరకూ నష్టాన్ని పంచుకోవడం గురించి. తెలుగు నేల మీద ఇంకో మెట్టు ముందుకు వెళ్ళిన సందర్భం ఉంది. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం సముద్ర వర్తకులకు ఒక మాట ఇచ్చింది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా ముందటి రాజులు లాక్కునేవారని, తాను మాత్రం దయతో, కీర్తినీ ధర్మాన్నీ కోరి, ఏర్పరచిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని. ముందటి రాజుల వాదన ఊహించడం కష్టం కాదు: తుపాను మేం తేలేదు, సముద్రం మా ఒడ్డున పడేసింది, దేవుడిచ్చింది తీసుకుంటే తప్పేమిటి? గణపతిదేవుడు ఆ తర్కాన్ని తిప్పికొట్టాడు. ఆపద దైవికమే అయినా, దానివల్ల పక్కవాడికి కొత్త హక్కేదీ పుట్టదు. ఇందులో రాజుకు లాభం లేదనుకోవడం అమాయకత్వం. భయం లేని రేవుకే ఓడలొస్తాయి, సుంకమూ వస్తుంది. ధర్మానికి లాభం తోడైనంత మాత్రాన అది ధర్మం కాకుండా పోదు.

ఈ కొలతతో ఇటీవలి సంగతులు చూడాలి. కోవిడ్‌కు ముందు నలభై అడుగుల కంటైనర్‌కు ప్రధాన మార్గాల సగటు రేటు, డ్రూరీ సూచీ ప్రకారం, 1,500 డాలర్ల లోపు ఉండేది. 2021 సెప్టెంబర్‌లో అది 10,000 దాటింది. మెయర్‌స్క్ అనే ఒక్క షిప్పింగ్ సంస్థే 2022లో దాదాపు 2,900 కోట్ల డాలర్ల లాభం చూపింది. 2023లో వానల్లేక, నీళ్ళిచ్చే గటూన్ సరస్సు ఎండుతుంటే పనామా కాలువలో రోజుకు వెళ్ళే ఓడల సంఖ్య తగ్గించారు. నవంబర్‌లో ఒక ఓడ వరస దాటి ముందుకు పోవడానికి వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు కట్టారు. కరువు దైవికమే, వేలం కాదు. అర్థశాస్త్రం తెలిసినవాళ్ళు దీనికి గట్టి జవాబే చెబుతారు. చోటు తక్కువైనప్పుడు ధర పెరిగితేనే అవసరం ఎక్కువున్నవాడికి అది దక్కుతుంది, కొత్త ఓడలు కట్టడానికి డబ్బు సమకూరుతుంది. చెడ్డకాలంలో ఈ సంస్థల్లో కొన్నిటిని ఎవరూ ఆదుకోలేదు కూడా: 2016లో హాంజిన్ అనే షిప్పింగ్ సంస్థ దివాలా తీస్తే సుమారు 1,400 కోట్ల డాలర్ల సరుకు సముద్రం మీదే నిలిచిపోయింది. ఈ వాదనలో సగం నేను ఒప్పుకుంటాను. చుట్టుదారి ఖర్చు నిజం, దాన్ని అడగడం గణపతిదేవుడి సుంకం లాంటిదే. ఒప్పుకోలేనిది రెండో సగం. డబ్బు ఎక్కువ పెట్టగలవాడి అవసరమే పెద్దదన్న ఊహ సరుకున్నవాళ్ళంతా సమానులైన చోట నిలుస్తుందేమో. భీమవరం చెరువు దగ్గర రొయ్యల రైతు ఫ్రైట్ రేటును చూడనైనా చూడడు. ఫ్రైట్ పెరిగిందంటూ కొనుగోలుదారు రొయ్య సైజును బట్టి కట్టే కౌంట్ ధర తగ్గిస్తే, పట్టుబడి ఆపుకోలేని ఆ రైతు ఆ వేలంలో పాల్గొనకుండానే ఓడిపోతాడు. ఓడ మీద లేనివాడికి వాటా ఏమిటని అడిగితే, నష్టం మోయించేటప్పుడు అతన్ని ఓడ మీదికి ఎక్కించి, రక్షణ పంచేటప్పుడు దించెయ్యడం ఎలా కుదురుతుందని తిరిగి అడగాలి.

ఓడ మీదే ఉండి కూడా ఈ లెక్కలోకి రానివాళ్ళు నావికులు. డైజెస్ట్‌లోనే ఆ మాట ఉంది: పంపకం వేసేటప్పుడు స్వతంత్రుల శరీరాలకు వెల కట్టకూడదు. ప్రాణం అమూల్యం కాబట్టి దాన్ని పట్టికలో చేర్చరు. ఉద్దేశం ఉన్నతమైనదే, వెల కడితే ఏమవుతుందో 1781లో జాంగ్ అనే ఇంగ్లీషు ఓడ చూపించింది. నీళ్ళు చాలవంటూ 130 మందికి పైగా ఆఫ్రికన్ బానిసలను సముద్రంలోకి తోసి, పోయిన సరుకు కింద బీమా సొమ్ము అడిగారు. కేసు లండన్ కోర్టు దాకా వెళ్ళింది హత్యగా కాదు, బీమా తగాదాగా. కాబట్టి ప్రాణానికి వెల కట్టొద్దన్న రోమన్లది సరైన మాటే. అయితే అమూల్యమన్నది లెక్కల పుస్తకంలో సున్నాగా మారకూడదు. 2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడ మీద పడిన హౌతీల క్షిపణికి ముగ్గురు నావికులు చనిపోయారు, మిగిలినవాళ్ళను ఐఎన్‌ఎస్ కోల్‌కతా కాపాడింది. గెలాక్సీ లీడర్ సిబ్బంది 25 మంది బందీలుగా పద్నాలుగు నెలలు గడిపి 2025 జనవరిలో విడుదలయ్యారు. ప్రమాదపు నీళ్ళలోకి వెళ్ళనని చెప్పే హక్కు, వెళితే ఆ రోజులకు రెట్టింపు మూలవేతనం కొన్ని యూనియన్ ఒప్పందాల్లో ఉన్నాయి. వాళ్ళు ఇష్టపడే వెళ్ళారు కదా అన్న ఆక్షేపణ ఇక్కడినుంచే వస్తుంది. తుపానులో సరుకు పారేసే మనిషి గురించి అరిస్టాటిల్ నీతిశాస్త్రం మూడో భాగంలో తర్కించాడు. మామూలప్పుడు ఎవడూ చెయ్యని పని అది, ఆ క్షణంలో మాత్రం బుద్ధున్నవాడెవడైనా చేస్తాడు. ఇష్టమూ అనిష్టమూ కలగలిసిన పని అన్నాడు. ఏజెంటుకు అప్పుచేసి డబ్బు కట్టి ఓడెక్కిన కుర్రవాడు, మళ్ళీ కాంట్రాక్టు దొరకదేమోనన్న భయంతో "సరే" అంటే అది ఆ కోవలోకే వస్తుంది, శ్రీకాకుళం వాడైనా ఫిలిప్పీన్స్ వాడైనా.

అలాంటి "సరే" వల్ల సరుకు చేరితే, చేరిన ప్రతి పెట్టె మీదా ఆ నావికుల కుటుంబాలకు వాటా పడాలి, పారేసిన మూటకు పడినట్టే. అది ప్రాణానికి కట్టిన వెల కాదు, ఐరోపా తీర్పు చెప్పిన తిండీ బసా కోవలోది. ఇంత మోస్తే వ్యాపారం నిలుస్తుందా అని అడగొచ్చు. ఎవర్ గివెన్ అంత ఓడ మీద 25 మంది సిబ్బందికీ కోటి రూపాయల చొప్పున ఇవ్వాల్సినంత ఘోరం జరిగిందనుకుందాం. 18,000 పెట్టెలకు పంచితే ఒక్కోదాని మీద పడేది పద్నాలుగు వేల లోపు. 2023 నవంబర్ చివర 1,400 డాలర్ల దరిదాపుల్లో ఉన్న అదే డ్రూరీ సూచీ, ఓడలు దారి మళ్ళాక, 2024 జనవరి చివరికి 3,900 దాటింది. అంటే ఒక్కో పెట్టెకు రెండు లక్షల రూపాయల పైనే పెరుగుదల. దాన్ని వ్యాపారం మోసింది.