ఎండకూ హద్దు ఉండాలా?

పతంజలి యోగసాధకుడి నిగ్రహాలైన యమాల్లో అపరిగ్రహాన్ని చేర్చాడు; జైన మునులకు అది మహావ్రతం. అవసరానికి మించి పోగుచేయకూడదు సరే, అవసరం ఎంతో తేలేదెలా? చిన్న పడవకు సోలార్ ప్యానెల్ ఎంచుకునేవాడికి ఈ ప్రశ్న లెక్కల్లోనే ఎదురవుతుంది. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపం 6 గంటలు వెలిగితే 30 వాట్-అవర్లు, 10 వాట్ల జీపీఎస్ 8 గంటలకు 80, 6 వాట్ల వైర్‌లెస్ సెట్టు 12 గంటలకు 72, రోజుకు మొత్తం 182. నాలుగు గంటల నిండు ఎండ తగిలితే 100 వాట్ల ప్యానెల్, నష్టాలు పోను, సుమారు 300 ఇస్తుంది, అది చాలు. తెరచాప కొయ్య నీడ ఒక మూల పడినా రాబడి బాగా తగ్గిపోతుంది కాబట్టి, సైజు పెంచేకన్నా నీడ పడని చోటు వెతకడం మేలు.

ఎండ ఎవరి సొత్తూ కాదు, ఎంత వాడుకున్నా ఎవరి వాటా తరగదు, ఇందులో నిగ్రహం దేనికని అడగవచ్చు. ఎండ ఉచితమే, ప్యానెల్, బ్యాటరీ మాత్రం భూమిని తవ్వి చేసినవి, ఒకనాడు చెత్తగా మిగిలేవి. సముద్రం మీద పొదుపు ప్రాణాల మీదికి తెస్తుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అందుకే రెండు మబ్బు రోజులకు సరిపడా, అంటే 364 వాట్-అవర్లు వాడుకోగలిగేంత బ్యాటరీ ఉండి తీరాలి. అది వ్రతభంగం కాదు. తోటివారి ప్రాణాలు కాపాడే నిల్వ అహింసలో భాగమే. అపరిగ్రహం తక్కువతో సరిపెట్టుకోమనదు. ఉంచుకున్న ప్రతిదానికీ కారణం చెప్పగలగాలంటుంది.