సాక్షి చూచినది, సాక్షి యెఱుగనిది

ఆదిపర్వమునందు శకుంతల కుమారునితో కొలువుకూటమునకు వచ్చి నిలిచినప్పుడు, దుష్యంతుడు అన్నియు జ్ఞప్తియందుండియు లోకాపవాదమునకు వెఱచి నిన్నెఱుగనని పలుకుటయు, ఆమె సూర్యచంద్రులను, వాయువును, అగ్నిని, భూమిని, జలములను, పగటిని, రాత్రిని, తుదకు ఆ రాజు హృదయమునే సాక్షులుగా పేర్కొనుటయు నన్నయను చదివినవారి కందఱకును తెలిసినదే. కణ్వాశ్రమమున వారిరువురకు జరిగిన వివాహమునకు మనుష్యులలో సాక్షి లేడు. ఒకరు బొంకినచో రెండవవారికి దిక్కు పంచభూతములే. మనుష్యుడు చూడని ఒడంబడికను నిలుపగల సాక్షి యెవరన్న ప్రశ్న ధర్మచింతనలో మిక్కిలి పాతది. 2008లో దానికి గణితము తనదైన సమాధానమొకటి చెప్పినది.

సతోషి నకమొతో అను మాఱుపేరుతో ఆ యేడు అక్టోబరు 31న వెలువడిన తొమ్మిది పుటల పత్రము ఎత్తుకొన్న సమస్య చిన్నదిగనే కనబడును. కంప్యూటరులోని నాణెము కేవలము కొన్ని అంకెలు. అంకెలను ఎన్ని ప్రతులైనను తీయవచ్చును. అట్లయినచో ఒకే నాణెమును ఇద్దఱికిచ్చి, మొదటివానిని నిన్నెఱుగననుట సులభము. ఇంతవఱకు ఆ బొంకును ఆపుచు వచ్చినది బ్యాంకు. అయితే ఆ సంవత్సరమే పేరుమోసిన బ్యాంకులు కుప్పకూలినవి. ఆ పత్రము ననుసరించి 2009 జనవరి 3న పుట్టిన బిట్‌కాయిన్ చిట్టా మొదటి పుటలోనే, అనగా మొదటి బ్లాకులోనే, బ్రిటను ఆర్థికమంత్రి రెండవమాఱు బ్యాంకులను ఆదుకొననున్నాడను లండన్ టైమ్స్ పత్రిక శీర్షిక చెక్కబడియున్నది. బిట్‌కాయిన్ పద్ధతిలో ప్రతి చెల్లింపును లోకములోని వేలకొలది కంప్యూటర్లకు చాటబడును. సుమారు పది నిమిషముల కొకమాఱు చొప్పున ఆ చెల్లింపులు ఒక బ్లాకుగా కూర్చబడును. ప్రతి బ్లాకును తనకు ముందున్న బ్లాకునుండి గణించిన ముద్రను తనలో ధరించును. ఆ బ్లాకును మూయుటకు, నియమితమైనన్ని సున్నలతో మొదలగు ముద్ర వచ్చువఱకు అంకెలను మార్చి మార్చి వెదకవలయును. విద్యుత్తును వెచ్చించి దానిని ముందుగా కనుగొన్నవానికి కొత్త నాణెములు బహుమానము. మొదట యాభైయైన ఆ బహుమానము రెండు లక్షల పదివేల బ్లాకుల కొకమాఱు సగమగుచు, 2024 ఏప్రిలు నాటికి 3.125 అయినది; మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలను దాటవు. పాత చెల్లింపును చెఱపగోరువాడు ఆ తరువాతి బ్లాకుల పరిశ్రమనంతయు మఱల చేయవలసియుండుటచే, ఇచట బొంకు పాపమగుటకు ముందే గిట్టుబాటు కాని వ్యాపారమైనది.

బ్లాక్‌చైన్ అనబడు ఈ బ్లాకుల గొలుసే ఇచట సాక్షి. ఈ సాక్షి చూచునదేమి? ఏ చిరునామానుండి ఏ చిరునామాకు ఎంత సొమ్ము ఏ వేళ పోయినదో చూచును. ఆ చిరునామా అక్షరములు అంకెలు కలిసిన పొడవాటి వరుసయే గాని పేరు గాదు. పేరు లేకుండుటను చూచి గోప్యముగా ఉండుటయనుకొని భ్రమపడినవారు పెక్కండ్రు. 2012లో ఒకడు సిల్క్ రోడ్ అను చీకటి సంతనుండి యాభైవేలకు పైబడిన బిట్‌కాయిన్లను అపహరించి తొమ్మిదేండ్లు నిశ్చింతగా నుండెను. 2021 నవంబరులో అమెరికా అధికారులు జార్జియా రాష్ట్రమునందలి వాని యింట సోదా చేయగా, నేలలో పూడ్చిన ఇనుపపెట్టెయందు కొంతయు, స్నానాల గది అలమరలో పాప్‌కార్న్ డబ్బాయందు దుప్పట్ల క్రింద దాచిన చిన్న కంప్యూటరు పలకయందు కొంతయు దొరికినది. ఆనాటికి దాని విలువ 336 కోట్ల డాలర్లు. పలక డబ్బాలో దాగినదే కాని, సొమ్ము నడిచిన త్రోవ ఆ తొమ్మిదేండ్లును లోకమెదుట బట్టబయలుగా పడియున్నది. నాణెములను కొని అమ్ము ఎక్స్ఛేంజిలో ఒక్క చిరునామాకు మనిషి పేరు తగిలినంతనే, దానితో ముడిపడిన గతమంతయు పేరు ధరించును.

దొంగ పట్టుబడుట మేలే. కాని దొంగను పట్టు ఈ వల దొరను విడువదు. మన నీతిశాస్త్రము గోప్యముగా నుంచుకొనదగినవని చెప్పిన తొమ్మిదింటిలో విత్తమును దానమును కూడ ఉన్నవి. ఈ బహిరంగ చిట్టాలో ఆ రెండింటికిని తావు లేదు. టీకి చిల్లర పుచ్చుకొన్న దుకాణదారునికి మన బీరువా తాళములను అప్పగించినట్లు, ఒక్క చెల్లింపుతో చిరునామా తెలిసినవాడు అందలి నిల్వను, పూర్వపు లావాదేవీలను చూడగలడు. మఱియు ఈ సాక్షి క్రియను చూచునే గాని సంకల్పమును చూడదు. దానమునకును లంచమునకును ఇచట ఒకటే పంక్తి. చిత్రగుప్తుని లెక్కయందైనను అనుభవముచేత కర్మ క్షయించుట, ప్రాయశ్చిత్తముచేత పాపము తొలగుట కలవు. బ్లాకులందు క్షయము లేదు, క్షమయు లేదు.

గోప్యత లేని ఈ కొఱతను తీర్చుటకు యత్నములు జరుగకపోలేదు. 2014లో పుట్టిన మొనెరో అను నాణెము చెల్లించినవానిని పలువురి సంతకముల నడుమ దాచినది; 2016 నాటి జీక్యాష్ అను నాణెము లెక్క సరియైనదని మాత్రము రుజువు చేసి లెక్కను చూపుట మానినది; టోర్నడో క్యాష్ అను ప్రోగ్రాము పలువురి సొమ్మును కలిపి ఎవరిది ఏదో తెలియకుండ తిరిగి యిచ్చినది. ఉత్తరకొరియా హ్యాకర్లు దోచిన సొమ్ము ఈ త్రోవన పోయినదని అమెరికా ఖజానా శాఖ 2022 ఆగస్టులో దానిపై ఆంక్ష విధింపగా, ఎవ్వరును మార్చలేని ప్రోగ్రాము ఎవ్వరి ఆస్తియు కాదని అచ్చటి అప్పీళ్ల న్యాయస్థానము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. అదే యేడు మే నెలలో నెదర్లాండ్సు న్యాయస్థానము దానిని రచించినవారిలో ఒకనికి కారాగారశిక్ష విధించినది. క్రియ జరుగుచుండ కర్త యెవడన్న వేదాంతుల తర్కము ఇట్లు న్యాయమూర్తుల బల్లపైకి వచ్చినది.

ప్రభుత్వములును ఏకముఖముగా లేవు. 2021 సెప్టెంబరులో చైనా ఇట్టి క్రిప్టో నాణెముల లావాదేవీలన్నింటిని నిషేధింపగా, ఆ నెలలోనే ఎల్ సాల్వడోర్ బిట్‌కాయినును చెల్లుబడి నాణెముగా అంగీకరించినది. మనదేశమున రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిలులో ఈ వ్యాపారులకు బ్యాంకు సేవలను మూసివేయగా, ఆ కట్టడి తగిన మితిని దాటినదని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న దానిని కొట్టివేసినది. 2022 బడ్జెటు లాభముపై నూటికి ముప్పది పన్నును, అమ్మకముపై నూటికొకటి టీడీఎస్‌ను విధించినది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలు మనీలాండరింగు నిరోధక చట్టము క్రిందికి వచ్చినవి. రాజ్యము చిట్టాను చింపలేదు. పాన్ కార్డు చేతబట్టి దానిలో పేర్లు వ్రాయసాగినది.

అందువలన గోప్యత యంత్రమునకుండు గుణమను నమ్మకము నిలువదు. చూడగలిగియు చూడకుండువాని సంయమమే గోప్యత. వ్యక్తిగోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మండుగురు ఏకగ్రీవముగా చెప్పిన తీర్పునందలి, రాజ్యపు జోక్యమునకు చట్టము, తగిన ప్రయోజనము, తగిన పరిమితి ఉండవలెనన్న భావము ఈ సంయమమునే విధించుచున్నది. బ్లాక్‌చైన్ ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని వ్రాసికొనును గాని, చదివినవానిని వ్రాసికొనదు. సామాన్యుని ప్రతి రూపాయి జాడయు వెదకు అధికారికి ధర్మము విధింపవలసిన మొదటి నియమము ఇదియే: తాను ఎవరి లెక్కను, ఏ కారణమున, ఎవరి ఆజ్ఞపై తెఱచి చూచెనో అదియు చెఱపరాని చిట్టాకెక్కవలయును.