మౌనం అర్ధాంగీకారమేనా?

దీపావళి సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని సంపాదకులు అడిగారు. షుగరు గురించి, కొలెస్టరాల్ గురించి ప్రతి పండుగకీ మాలో ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు, మనందరం మిఠాయిలు తింటూనే ఉన్నాం. అందుకని ఈసారి మా ఇంటి కుక్క గురించి రాస్తున్నాను. దాని వల్ల నాకొక ధర్మసందేహం కలిగింది. అది మీకూ పనికొస్తుందని నమ్మకం.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. రెండేళ్ళు పోరుపెట్టి చివరికి మా చేత కుక్కను తెప్పించింది. కొనలేదు, జంతువుల ఆశ్రమం నుండి దత్తత తెచ్చుకున్నాం. నాలుగేళ్ళ ఆడకుక్క, జాతి ఇదీ అని చెప్పలేం. మా అమ్మాయి దానికి లడ్డు అని పేరు పెట్టింది. పెట్టింది తినేది, చూపించిన చోట పడుకునేది. ఒక్కసారి కూడా మొరగలేదు. తలుపు గంట మోగినా, పక్కింటి కుక్క కంచె దగ్గరకొచ్చి గోల చేసినా కిక్కురుమనలేదు. "ఎంత మంచి కుక్క దొరికిందండీ మీకు!" అని వచ్చిన స్నేహితులందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

నెల దాటాక వైద్యుడి బుద్ధి నిద్ర లేచింది. మనిషి ఏ ఫిర్యాదూ లేదంటే నమ్మకుండా పరీక్షలు రాసే నేను, కుక్క నోరెత్తకపోతే ఆరోగ్యంగా ఉందని ఎలా అనుకున్నాను? పశువైద్యురాలి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ ఓపిగ్గా కారణాలు చెప్పారు. కొన్ని జాతులే తక్కువ మొరుగుతాయి. ఆఫ్రికా నుండి వచ్చిన బసెంజీ మామూలు కుక్కలా మొరగదు, రాగం తీసినట్టు వింత గొంతు పెడుతుంది. ఆశ్రమంలో రోజుల తరబడి అరిచి అరిచి గొంతు పోయినవి ఉంటాయి. దగ్గు జబ్బు తగిలినవి ఉంటాయి. పెద్ద వయసు కుక్కల్లో గొంతు కండరాలు చచ్చుబడి స్వరం మారుతుంది. ఊపిరి తీస్తుంటే శబ్దం వస్తే అది ఆలస్యం చేయకూడని జబ్బు. మొరిగినప్పుడల్లా షాకు కొట్టే పట్టీ మెడకు కట్టి పెంచినవి కొన్ని. స్వరతంత్రులను కోయించిన యజమానులు కూడా ఉన్నారట.

లడ్డు గొంతులో ఏ లోపమూ లేదన్నారు. "దీనికి భయంగా ఉంది, అంతే" అన్నారు. తోక కాళ్ళ మధ్య పెట్టుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, ఊరికే పెదవులు నాక్కోవడం, ఇవన్నీ ఆ భయానికి గుర్తులట. అన్నీ మా కళ్ళ ముందే జరిగాయి. మేం వాటిని బుద్ధిమంతతనం అనుకున్నాం. ఆశ్రమాల వాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు: భయం కాస్త తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు.

ఆ సాయంత్రం ఇదంతా భోజనాల దగ్గర చెప్పాను. నాన్నగారు పోయాక అమ్మను మా దగ్గరకు తెచ్చుకుని అప్పటికి ఏడాది దాటింది. అమ్మ కంచంలోకి చూస్తూ, "దానికి డాక్టరెందుకురా? ఇది ఎవరిల్లో తెలియాలి గదా. తన ఇల్లనుకున్న రోజున అదే నోరు విప్పుతుంది" అంది.

ఆ మాట నాకు కుక్క గురించి అన్నట్టు వినపడలేదు.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. వచ్చిన కొత్తలో అమ్మ మూడు విషయాలు అడిగింది. మంచం మీదకు ఏసీ గాలి సూటిగా తగులుతోంది, మంచం జరపమంది. చూద్దాంలే అన్నాను. శనివారం గుడికి తీసుకెళ్ళమంది. ఈ వారం కాల్ ఉందమ్మా అన్నాను; ఆ తర్వాతి వారం ఇంకేదో. ఒకరోజు పోపు పెడితే పొగకు అలారం మోగి ఇల్లంతా హడావుడి అయింది. "ఇక నువ్వు స్టవ్ జోలికి వెళ్ళకమ్మా" అన్నాను. నలభై ఏళ్ళు వంటిల్లు ఏలిన మనిషి. ఆ తర్వాత ఏమీ అడగలేదు. "బాగానే ఉన్నావా అమ్మా?" అంటే "నాకేంరా, బాగానే ఉన్నాను" అనేది. అమ్మ బాగా సర్దుకుపోయిందని నేను నలుగురికీ చెప్పుకున్నాను.

మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలన్నారు. ఎదిరించి చెప్పగలిగిన వాడి విషయంలో అది నిజమే కావచ్చు. మన మీద ఆధారపడి బతికే ప్రాణి మౌనానికి కూడా అదే అర్థం చెప్పుకోవడం మన సౌకర్యం కోసమేనేమో.

మనస్తత్వ శాస్త్రంలో దీనికి సంబంధించిన ప్రసిద్ధమైన ప్రయోగం కుక్కల మీదే జరిగింది. 1967లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ కొన్ని కుక్కలకు ఏం చేసినా తప్పించుకోలేని విద్యుత్ షాకులు ఇచ్చారు. తరువాత చిన్న అడ్డు దాటితే తప్పించుకోగల పెట్టెలో పెట్టినా వాటిలో చాలావరకు కదలకుండా పడి ఉన్నాయి. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో చెప్పారు. దాదాపు 50 ఏళ్ళ తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ సిద్ధాంతాన్ని సవరించారు. ఎడతెగని బాధలో చేష్టలుడిగి ఉండటం ప్రాణికి నేర్పనక్కరలేదు, అది సహజంగా వచ్చేదే; నేర్చుకోవలసింది "నేను చేసే పనికి ఫలితం ఉంది" అన్న నమ్మకం అన్నారు. అప్పటి కుక్కలకు కూడా ఉత్త పిలుపులతో లాభం లేకపోయింది. పట్టీ పట్టుకుని పదేపదే అడ్డు దాటించాకే అవి తమంతట తాము దాటడం మొదలుపెట్టాయి.

ఆ క్రూరమైన ప్రయోగం నుండి నేను గ్రహించిందేమిటంటే, ఫలితం లేని గొంతు మూగబోతుంది. కనుక "ఎలా ఉన్నావు?" అని అడిగినంత మాత్రాన మన ధర్మం తీరదు. చెబితే ఏదో ఒకటి మారుతుందని అవతలివారికి తెలియాలి.

మన భారతం ఈ సంగతి ఎరుగును. ఏకలవ్యుడు మొరుగుతున్న కుక్క నోటిని బాణాలతో నింపేస్తే, చిన్నప్పటి నుండి మనం ఆ విలువిద్యను మెచ్చుకుంటూ వచ్చాం. కుక్క సంగతి అడగలేదు. కానీ అదే ఆదిపర్వం మొదట్లో, నన్నయగారు తెనిగించిన భాగంలోనే, సరమ కథ ఉంది. జనమేజయుడి తమ్ములు యాగశాలలో ఒక కుక్కపిల్లను అకారణంగా కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరకు వెళితే, ఆ తల్లి సరమ రాజు దగ్గరకే వెళ్ళి నా బిడ్డ చేసిన తప్పేమిటని నిలదీసింది. ఒక్కరూ జవాబు చెప్పలేదు. దాని శాపం చక్రవర్తిని సైతం భయపెట్టింది. నోరులేని దాని తరఫున అడిగేవారు ఉండటం ఎంత అవసరమో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

అయితే ప్రతి మౌనమూ బాధ కాదు. దక్షిణామూర్తి మౌనంతోనే బోధించాడు. గాంధీగారు సోమవారాలు మౌనం పాటించేవారు. నోరు తెరవగలిగీ తెరవకపోవడం వ్రతం. తెరిచి లాభం లేదని మూసుకోవడం వేరు. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలియాలంటే మాటను కాదు, మనిషిని చూడాలి: తిండి, నిద్ర, నడక, మన అడుగుల చప్పుడు వినపడగానే దగ్గరకొస్తున్నారా, పక్కకు తప్పుకుంటున్నారా అన్నది. లడ్డును మొరిగించడానికి కూడా బలవంతం చేయవద్దని పశువైద్యురాలు చెప్పారు. వేళకు తిండి, వేళకు నడక, దాక్కోవడానికి ఒక మూల, తనంతట తాను దగ్గరకొచ్చేదాకా ఓపిక. అంతే.

మరునాడే మంచం జరిపాను. అయిదు నిమిషాల పని. పొగ అలారాన్ని స్టవ్‌కు దూరంగా మార్పించి, పొగను బయటికి లాగే ఫ్యాను పెట్టించాను. రెండు శనివారాలు నా డ్యూటీలు మార్చుకున్నాను. మూడో శనివారం అమ్మే, "ఏరా, బయల్దేరవా?" అని గద్దించింది.

పదకొండో వారంలో ఒక మధ్యాహ్నం అమ్మ పోపు పెడుతుండగా ఎవరో పార్సెల్ తెచ్చి తలుపు దగ్గర పడేశారు. లడ్డు లేచి నిలబడి మొరిగింది. బొంగురుగా, రెండే రెండు సార్లు. తరువాత తనే ఉలిక్కిపడి అమ్మ వైపు చూసిందట. "నీ ఇల్లేనమ్మా, అరువు" అందట అమ్మ.

ఇప్పుడు మా ఇంట్లో నిశ్శబ్దం లేదు. పగటి నిద్ర పోయింది. కాఫీ నీళ్ళలా ఉందని, నా చొక్కాలు వదులుగా ఉన్నాయని, ఇక్కడి వంకాయకు రుచి లేదని అమ్మ రోజూ ఏదో ఒకటి సణుగుతూనే ఉంది. వింటూ ఉంటే ప్రాణం కుదుటపడుతుంది.

నేపాల్‌లో దీపావళి రోజుల్లోనే కుకుర్ తిహార్ అని ఒకరోజు కుక్కల మెడలో దండలు వేసి, నుదుట బొట్టు పెట్టి పూజిస్తారు. మనకు ఆ ఆచారం లేకపోయినా, టపాకాయలు కాల్చే రాత్రి ఇంట్లో కుక్క ఉంటే ముందుగానే లోపలి గదిలో ఉంచి కిటికీలు మూయండి. మీ ఇంట్లో అమ్మో, నాన్నో, అత్తగారో, మామగారో "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంటే, వారు ఈ మధ్య కాలంలో ఆఖరిసారిగా ఏం అడిగారో గుర్తు తెచ్చుకోండి. ఆ ఒక్క పని ఈ పండుగ లోపల చేసిపెట్టండి.

అందరికీ దీపావళి శుభాకాంక్షలు.