క్రియలో దాగిన 'నేను'



ముప్పది సంవత్సరములుగా నేను పాఠశాలలో తెలుగు వ్యాకరణమును బోధించుచున్నాను. 'వాడు' అనునది ప్రథమ పురుషము, 'నీవు' అనునది మధ్యమ పురుషము, 'నేను' అనునది ఉత్తమ పురుషము అని చెప్పినప్పుడెల్ల వెనుక వరుసలోని పిల్లలు నవ్వుదురు. 'అయితే అందరిలో ఉత్తముడు నేనే' అని ఒకరి నొకరు చూచుకొందురు. ఆ పేరునకు అట్టి అర్థము లేదని చెప్పి పాఠమును ముందునకు సాగింతును. ఆ నవ్వులో నాకు చెందిన పాఠ మొకటి ఉన్నదని చాలకాలమువరకు నాకు తోచలేదు. అది తోచిన సందర్భమును మీతో పంచుకొనుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక మఠమున దాసోహ భవనము నిర్మింపబడినది. నేనును ఒక నెల జీతమును సమర్పించితిని. ఇచ్చునప్పుడు నా మనస్సు నిర్మలముగనే ఉన్నదని నమ్మితిని. ప్రారంభోత్సవము నాడు ద్వారము ప్రక్కన చలువరాతి ఫలకముపై దాతల పేర్లు చెక్కబడి యుండెను. మొదటినుండి చివరివరకు చదివితిని. మరల చదివితిని. నా పేరు లేదు. పొరపాటున విడిచిరని తెలిసినను మనస్సు ఊరుకొనలేదు. పంక్తిలో కూర్చుంటిని గాని ప్రసాదము రుచింపలేదు. అష్టావరణములలో ఒకటియైన ప్రసాదము నా విస్తరిలో ఉండగా నా కన్నులు ద్వారమువైపే పోవుచుండెను.

అంతలో ఆ మఠమున ఎన్నో ఏండ్లుగా వడ్డన చేయుచున్న ఒక వృద్ధురాలు నా యెదుట వంగి, "అయ్యవారూ, అన్నం అట్లాగే ఉంది. కొంచెం చారు పొయ్యమంటారా?" అని అడిగెను. ఆమె చేతిమీదుగా ఎన్ని వేలమంది భుజించిరో లెక్క లేదు. ఆమె పేరును ఫలకముపై లేదు. అది లేదని ఆమెకు తెలియనే తెలియదు, ఆమె అటు చూడనే లేదు. ఆ క్షణమున నాకు కలిగిన సిగ్గు నేటికిని నన్ను విడువలేదు.

నే నిచ్చినది దాసోహమునకా, ఫలకమునకా? పేరు కొరకే ఇచ్చితినని ఎవరైన అన్నచో నాడు నేను కోపించి యుందును. పేరు లేకపోయినప్పుడు గాని ఆ కోరిక నాలో ఉన్నదని నాకే తెలియలేదు. అహంకారము తృప్తిగా ఉన్నంతకాలము కంటికి కానరాదు. గాయపడినప్పుడే తన ఉనికిని చాటుకొనును. కావున మనస్సు నొచ్చిన వేళయే ఆత్మపరీక్షకు తగిన వేళ. 'నన్ను నొప్పించిన దెవరు?' అని వెలుపల వెదకుటకు ముందు 'నొచ్చుకొన్న ఈ నేను ఎవడు?' అని లోపల వెదకవలయును.

మన శాస్త్రము మలత్రయమును చెప్పుచున్నది. ఆణవము, మాయ, కర్మము అనునవి ఆ మూడు. వానిలో మొదటిదైన ఆణవమునకు 'అణువు' అను శబ్దమే మూలము. లోకమున అహంకారి యనగా తన్ను పెద్దగా ఎంచుకొనువాడని అందుము. శాస్త్రమో ఆ దోషమునకు చిన్నతనమును సూచించు పేరు పెట్టినది. శివాంశమైన జీవుడు ఒక దేహమునకు, ఒక పేరునకు, ఒక కులగోత్రమునకు తన్ను కుదించుకొని, 'ఇంతే నేను' అని తలచుటయే ఆణవము. కుదించుకొన్నవానికి ఎప్పుడును భయమే. ఎవరు త్రోసివేయుదురో, ఎవరు మరచిపోవుదురో యని బెంగ. ఆ బెంగయే గర్వముగా పైకి కనబడును. ఫలకము ముందు నిలిచిన నాడు నేను పెద్దవాడనై కోపింపలేదు. ఒక రాతిలో రెండంగుళముల చోటునకు కుదించుకొనిపోయి కోపించితిని.

ఇట్టి పరీక్ష సామాన్యులకే గాదు, మహనీయులకును తప్పలేదు. పండ్రెండవ శతాబ్దమున సొన్నలిగెలో, అనగా నేటి సోలాపురమున, సిద్ధరాముడు వెలసెను. బాల్యముననే ఆయన మల్లికార్జునుని వెదకుచు శ్రీశైలమునకు వచ్చెనని రాఘవాంకకవి సిద్ధరామచరిత్రము చెప్పుచున్నది. అట్లు మన తెలుగునేల ఆయన పాదధూళిని ధరించినది. పిదప ఆయన స్వస్థలమునకు మరలి దేవాలయములను కట్టించెను, ప్రజల కొరకు గొప్ప చెరువును త్రవ్వించెను. ఆ పని జరుగుచుండగా అల్లమప్రభువు అచ్చటికి వచ్చిన వృత్తాంతమును శూన్యసంపాదన గ్రంథము వర్ణించినది.

ప్రభువు వచ్చి, మట్టిపని చేయువారి పేరును చేర్చి 'ఒడ్డరాముడు ఎక్కడ?' అని పనివారిని అడిగెను. తమ గురువును అట్లు పిలిచినందుకు వారు మండిపడి రాళ్లు రువ్విరి. సిద్ధరామునకును ఆగ్రహము కలిగెను. మట్టి త్రవ్వుట హీనమని ప్రభువు భావము కాదు. కాయకమును పూజగా ఎంచిన శరణులకు ఏ పనియు హీనము గాదు. చెరువు త్రవ్వుచున్నవానిని చెరువు త్రవ్వువాడని పిలిచిన కోపమేల రావలయును? ఆ ప్రశ్నయే అందలి మర్మము. ధర్మకార్యము చేయుచున్న చేతులలో 'నేను చేయుచున్నాను' అను ముల్లు దాగియున్నది. ఒక్క పిలుపుతో ప్రభువు దానిని బయటకు లాగెను.

సిద్ధరాముని గొప్పతనము అటుపిమ్మట తెలియుచున్నది. ఆయన ప్రభువు మాటలోని సత్యమును గ్రహించి, కోపమును విడిచి, ఆయన వెంట కల్యాణమునకు నడచెను. వేలమందికి గురువైనవాడు అచ్చట చెన్నబసవన్న చేత ఇష్టలింగ దీక్షను పొందెను. చెరువు మాత్రము పూడిపోలేదు. సోలాపురమున సిద్ధేశ్వరాలయము చుట్టును నేటికిని నీరు నిలిచియున్నది. పని నిలిచినది, పనిలోని 'నేను' తొలగినది. అహంకారమును విడుచుట యనగా సత్కార్యమును విడుచుట యని ఎవరును భ్రమపడరాదు.

వచనముల ముద్రికను గమనింపుడు. కవి తన పేరును వ్రాసుకొనవలసిన చోట శరణులలో పెక్కుమంది తమ ఇష్టదైవము పేరు నుంచిరి. బసవన్న వచనమునకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువు వచనమునకు గుహేశ్వరుడు, అక్కమహాదేవి వచనమునకు చెన్నమల్లికార్జునుడు. సిద్ధరాముడును కపిలసిద్ధమల్లికార్జునుని పేరునే నిలిపెను. మనము ఫలకముపై మన పేరును వెదకుకొందుము; వారు తమ పలుకు చివర శివుని పేరు వ్రాసి తాము ప్రక్కకు తొలగిరి. అయినను వారిని లోకము మరువలేదు.

మరి మనము చేయవలసిన దేమి? 'నేను' అను మాటను పలుకకున్న చాలునా? చాలదు. ఇచ్చట వ్యాకరణమే నాకు మరల గురువైనది. తెలుగులో 'నేను ఇచ్చితిని' అని అననక్కరలేదు. 'ఇచ్చితిని' అన్నను చాలును. కర్తృపదము లోపించినను క్రియ చివరనున్న 'ని' లో ఆ నేను దాగియే యుండును. మన వినయమును తరచుగ ఇట్టిదే. 'నాదేమున్నది, అంతయు శివుని దయ' అని పైకి అందుము. వినువారు 'అవును, మీదేమియు లేదు' అన్నచో ముఖము చిన్నబుచ్చుకొందుము. దాగిన 'ని' అప్పుడు బయటపడును.

దీనికి పెద్దలు చూపిన సాధన రెండు విధములు. ప్రతిదినము ఎడమ అరచేతియందు ఇష్టలింగము నుంచి దృష్టిని నిలుపునప్పుడు, చూచుచున్నవా డెవడని ఒక్క నిమిషము లోనికి మరలుట ఒకటి. పేరు, ఉద్యోగము, బంధుత్వము, మానావమానములు ఒక్కొక్కటిగా ఎదుటికి వచ్చును. వానిని తరుమ పనిలేదు. 'ఇది నేను చూచుచున్నది గాని, చూచు నేను గాదు' అని గుర్తించిన చాలును. పూజ ముగిసిన పిదప దినమంతయు పాటింపవలసినది రెండవది. అది పంచాచారములలోని భృత్యాచారము. తాను శివభక్తులకు సేవకుడనని ఎంచి మెలగుటయే దాని సారము. మొదటిది లేనిచో సేవయందు గర్వము పెరుగును. రెండవది లేనిచో విచారము కన్నులు మూసుకొన్న గర్వముగా మారును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కొందరు తప్పు చేసినప్పుడు మాత్రము 'నేనెవడను, చేయించినది శివుడు' అందురు. ఇది నిరహంకారము గాదు, అహంకారమునకు మరియొక మేలిముసుగు. బసవన్న తన వచనములలో దోషములను తనవిగా చెప్పుకొని, ఘనతను సంగమదేవునికి అర్పించెను. తప్పు జరిగినచోట 'ఉత్తమ పురుషము'ను వాడుటకు వెనుదీయరాదు. పుణ్యము జరిగినచోట దానిని వాడుటకు తొందరపడరాదు.

నన్ను నేను కొలుచుకొనుటకు నేడు ఒక కొలబద్ద నుంచుకొన్నాను. నేను చేయదలచిన మంచిపనిని మరియొకరు నాకంటె ముందుగా, నాకంటె బాగుగా చేసిరని విన్నప్పుడు నాకు సంతోషము కలుగుచున్నదా? పని జరుగుటయే నాకు కావలసినచో కలుగవలయును. నిజము చెప్పవలెనన్న అన్నిసారులును కలుగుట లేదు. ముల్లు ఇంకను ఉన్నది. అది ఎచ్చట నున్నదో తెలిసినది గనుక, నొచ్చినప్పుడు ఇతరులను నిందించుట కొంత తగ్గినది.

మొన్నటి జాతరనాడు అదే భవనమున వడ్డనకు నిలిచితిని. సాంబారు బకెట్టుతో పంక్తి వెంట నడచుచు ఎప్పుడో ఆ ఫలకము ముందునుండి పోయితిని. చాలసేపటికి గాని అది జ్ఞప్తికి రాలేదు. వచ్చినంతనే 'చూచితివా, నేను మరచిపోగలిగితిని' అని లోపల ఒక స్వరము మురిసినది. నాకు నవ్వు వచ్చినది. వెనుక వరుసలోని పిల్లల నవ్వు వంటి నవ్వు అది. చేతిలో బకెట్టు ఇంకను సగముండెను, పంక్తి చివర ఎవరో పిలుచుచుండిరి. అటు నడచితిని.